నూకాలు చేతికి ఎనిమిది కట్టు

నేను ఒక క్రేప్ బ్యాండేజీని. వెడల్పు నాలుగంగుళాలు, సాగదీస్తే పొడవు నాలుగు గజాల పైచిలుకు, పుట్టినప్పుడు ఒంటిరంగు గోధుమపిండి రంగు. బెణికిన మణికట్టుకో, మడత పడ్డ చీలమండకో, వాచిన మోకాలికో నన్ను చుడతారు. నొప్పి ఉన్నన్నాళ్ళూ నన్ను వెతుక్కుంటారు. తగ్గిందంటే ఏ సొరుగులో పడేశారో వాళ్ళకే గుర్తుండదు. అందుకు నాకేమీ కష్టం లేదు. మావాళ్ళలో ఎందరికో దొరకని గౌరవం నాకు దొరికింది. గెడ్డపాలెంలో చేపలమ్మే మైలపల్లి నూకాలు కుడిచేతి మీద నేను జిల్లా స్టేడియంలోకి వెళ్ళాను. ఆ సంగతి చెబుదామనే నోరు విప్పుతున్నాను.

దక్షిణాదిన ఒక మరమగ్గాల షెడ్డులో పుట్టాను. పంచెలకీ తువ్వాళ్ళకీ వాడే నూలు కన్నా మా నూలుకు మెలి ఎక్కువ పెడతారు. ఆ మెలి వల్లే లాగితే సాగుతాం, వదిలితే ముడుచుకుంటాం. నన్ను చుట్ట చుట్టి, కొసను పట్టుకోవడానికి రెండు క్లిప్పులు జతచేసి, అట్టపెట్టెలో పెట్టి పంపారు. మందుల షాపు అద్దాల బీరువాలో కొన్నాళ్ళు దగ్గు మందుల పక్కన కూర్చున్నాక ఒక బ్యాంకు ఆఫీసరుగారు నన్ను కొనుక్కున్నారు.

ఆయనకు మోకాలి నొప్పి ఉండేది, కానీ అది పిలుపులొచ్చినప్పుడే వచ్చేది. ఎవరింట్లోనైనా మూడో అంతస్తులో శుభకార్యం ఉందంటే ఆయన నన్ను బయటికి తీసేవారు. ఒకసారి నొప్పి ఎడమ మోకాలని చెప్పి నన్ను కుడి మోకాలికి కట్టుకున్నారు. ఎవరూ కనిపెట్టలేదు. ఆయనకు బదిలీ అయినప్పుడు పాత మందుల సంచితో పాటు నన్ను కూడా గెడ్డపాలెం దగ్గరి జంక్షన్లో ఉన్న ట్రస్టు క్లినిక్‌కు ఇచ్చేశారు. ఆ ఇంట్లో నేను ఒక్క నొప్పినీ తగ్గించలేదు.

క్లినిక్‌లో వకుళ అనే ఫిజియోథెరపిస్టు ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మాట తక్కువ. వచ్చిన రోజే నన్ను గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ఉతికి, పిండకుండా తువ్వాలులో అద్ది, నీడలో పరిచి ఆరబెట్టింది. ఆరాక బల్లమీద పెట్టి బిగువుగా చుట్టింది. ఆ చేతుల్లో నాకు మొదటిసారి అర్థమైంది, నన్ను వాడటం కూడా ఒక విద్యేనని. కొత్త కుర్చీ, పాత బల్ల, గోడకు ఎముకల పటం ఉన్న ఆ గదిలోకి అక్టోబరు మొదట్లో ఒక పొద్దున నూకాలు వచ్చింది.

ఆమెకు అరవై ఒకటో ఏడు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం దూలాల్లా ఉంటాయి. నలభై ఏళ్ళుగా చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగిన మనిషి. భర్త పోయి పన్నెండేళ్ళు. కుడిచేతికి పసుపూ సున్నం పట్టించి, పైన చీర చెంగు చుట్టుకుని వచ్చింది. ముందురోజు ఆటోలోంచి గంప జారితే, కింద పడకుండా ఒంటిచేత్తో పట్టిందట. గంప ఆగింది గానీ మణికట్టు మెలి తిరిగింది.

పెద్దాసుపత్రిలో తీసిన ఎక్స్‌రేను వకుళ వెలుతురుకెత్తి చూసింది. తర్వాత చేతిని కడిగి, వేలితో ఒక్కోచోటా మెల్లగా నొక్కింది. బొటనవేలి మొదట్లో నొక్కగానే నూకాలు పళ్ళు బిగించింది.

“ఎముక విరగలేదమ్మా,” అంది వకుళ. “ఎముకని ఎముకతో పట్టి ఉంచే లిగమెంట్లు లోపల ఉంటాయి. అవి సాగిపోయాయి. పది రోజులు బరువు ఎత్తకూడదు.”

“నానెత్తకపోతే సేపలు ఆటంతటవే నడిసి ఎల్తాయేటి ఊర్లోకి?”

“ఎడం చేత్తో చేసుకోండి. ఎవరినన్నా సాయం పెట్టుకోండి.”

“అది నాను సూసుకుంటాను. గుండు ఎప్పుడెయ్యొచ్చో సెప్పు.”

వకుళకు అర్థం కాలేదు. “ఏ గుండు?”

“ఇనప గుండు. మూడు కిలోలది. ఇసిరేది.”

ఆ వెనక కథ ఇది. మార్చిలో మహిళా దినోత్సవానికి మండలం ఆఫీసువాళ్ళు రేవు పక్క మైదానంలో ఆడవాళ్ళకు ఆటలు పెట్టారు. నూకాలు అటు వెళ్ళింది చేపలమ్మడానికే. గుండు విసరడానికి ఎవరూ ముందుకు రాకపోతే, ఆమె గంప దించి, చేతులు చీరకు తుడుచుకుని, ఇనప గుండును తీసుకుని విసిరింది. హైస్కూలు డ్రిల్లు మేష్టారు సూర్యారావు టేపుతో కొలిచాడు. నమ్మకం కలగక మళ్ళీ కొలిచాడు. నవంబరులో అరవై దాటినవాళ్ళకు జిల్లా పోటీలుంటాయని, పేరు తనే రాయిస్తానని చెప్పి, స్కూలు గుండు ఒకటి సాధన చేసుకోమని ఇచ్చాడు. అప్పటినుంచి ఆమె తెల్లారగట్ల సముద్రపొడ్డున ఇసకలో దాన్ని విసురుతూనే ఉంది.

ఊరు ఊరుకుంటుందా? పక్కనే కత్తిపీట వేసుకుని చేపలు కోసే దానమ్మ, నూకాలుకు చిన్నప్పటి నేస్తం, మొదట అందుకుంది. “ముసిల్తనంలో దీనికి గుండు మీద మనసైనాది,” అని వచ్చిన ప్రతి బేరానికీ చెప్పి నవ్వించేది. నూకాలు పట్టించుకోలేదు. అరవై ఏళ్ళలో తన పేరు కాగితం మీద రేషను కార్డుకీ ఓటరు లిస్టుకీ తప్ప మరి దేనికీ ఎక్కలేదు. ఇప్పుడు ఆటగాళ్ళ జాబితాకు ఎక్కింది. ఆ ముక్క ఆమె వకుళతో అనలేదు. ఎన్ని రోజులుందో మాత్రం చెప్పింది.

“ఇంకా అయిదు వారాలుంది,” అంది.

వకుళ ఆ చేతినీ ఆ మొహాన్నీ కాసేపు చూసింది. “మొదటి మూడు వారాలు గుండు ముట్టుకోనని మాటివ్వండి. తర్వాత చూసి చెబుతాను.” అలా చెప్పి నన్ను చేతిలోకి తీసుకుంది.

మణికట్టు చుట్టూ రెండు చుట్లు. అక్కణ్ణుంచి అరచేతి వెనకగా ఏటవాలుగా ఎక్కి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి దూరి, అరచేతి మీదుగా తిరిగి, మళ్ళీ మణికట్టుకు. పైనుంచి చూస్తే ఎనిమిది అంకె వేసినట్టుంటుంది. ఒక వరస మీద సగం కప్పుతూ ఇంకో వరస. నేను ఆ చేతిని పట్టుకోగానే లోపల వాపు వేడి తగిలింది. నలభై ఏళ్ళ ఉప్పు, పొలుసు, తాడు రాసుకుని కాయలు కాసిన చెయ్యి. బ్యాంకు ఆఫీసరుగారి మోకాలు గుర్తొచ్చి సిగ్గేసింది.

మొదటి మూడు రోజులు సవ్యంగానే గడిచాయి. నాలుగోనాడు పొద్దున నేను కాస్త వదులయ్యానని నూకాలుకు అనిపించింది. గట్టిగా కడితే గట్టిగా నయమవుతుందని ఆమె లెక్క. ఒక కొస పళ్ళతో పట్టి, పడవకు మోకు బిగించినట్టు నన్ను లాగి లాగి చుట్టింది. అలాగే ఒడ్డుకు వెళ్ళి వేలంపాటలో చేపలు పాడుకుంది. పొద్దెక్కేసరికి వేళ్ళు ఉబ్బాయి. గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చీమలు పాకినట్టుందని ఆమె చెయ్యి విదిలిస్తోంది, బేరం మాత్రం ఆపదు. లోపల రక్తం దారి వెతుక్కుంటూ నా గోడకు కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ముడుచుకోవడమే నా స్వభావం, ఆపడం నా చేతిలో లేదు. ఆ చేతిని కాపాడటానికి వచ్చినదాన్ని, చేజేతులా చెరుపుతున్నాను. నా బతుకులో నేను సిగ్గుపడ్డ రోజంటే అదే.

చివరికి దానమ్మే చూసింది. నవ్వబోయి, ఆ గోళ్ళ రంగు చూసి ఆగిపోయింది. “ఒలే, నీ సెయ్యి సచ్చిపోతన్నాదే. ముందది ఇప్పు,” అని తనే క్లిప్పు పీకి నన్ను విప్పేసి, ఆటో ఎక్కించి క్లినిక్‌కు తీసుకొచ్చింది.

వకుళ అరవలేదు. చర్మం మీద నేను పెట్టిన గాడులను చూపించింది. “ఇంకో నాలుగు గంటలుంటే ఏమయ్యేదో నేను చెప్పను. మీరే ఆలోచించుకోండి.”

“గట్టిగుంటే మంచిదనుకున్నాను,” అంది నూకాలు. గొంతు మొదటిసారి చిన్నబోయింది.

“చెయ్యి కదలకుండా ఆనుకోవడానికి కడతాం. నొక్కి పెట్టడానికి కాదు. ఇదిగో, ఈ గోరు నొక్కండి. తెల్లబడిందా? వదలండి. వెంటనే ఎర్రదనం రావాలి. రాలేదంటే కట్టు తప్పు. తిమ్మిరెక్కినా, చల్లబడినా విప్పెయ్యాలి. పడుకునేముందు ఎలాగూ విప్పాలి.”

ఆపైన ఆమె చేసిన పని నేను ఊహించలేదు. నన్ను చుట్టి నూకాలు ఎడమచేతిలో పెట్టింది. “వాపు తగ్గేదాకా మీ చేతికి వద్దు. నా చేతి మీద నేర్చుకోండి,” అని తన చెయ్యి బల్లమీద చాపింది.

ఆ రోజునుంచి పదిరోజులు నూకాలు చేపలమ్మడం అయ్యాక క్లినిక్‌కు వచ్చేది. ఎడమచేత్తో నన్ను పట్టుకుని వకుళ చేతికి చుట్టేది. మొదట్లో జారిపోయేదాన్ని, ముడతలు పడేదాన్ని, ఒకసారి బల్ల కిందికి దొర్లి గుమ్మం దాకా వెళ్ళిపోయాను. వకుళ నన్ను విప్పించి మళ్ళీ మొదలుపెట్టించేది. బాగుందని ఎప్పుడూ అనేది కాదు. తొమ్మిదో రోజున చేతిని అటూ ఇటూ తిప్పిచూసి, “ఇది నేను కట్టినట్టే ఉంది,” అంది. ఇంటికెళ్ళే దారిలో నూకాలు చేతిసంచిలో నేనున్నాను, సంచి ఊపు మామూలుకన్నా పెద్దగా ఉంది.

మూడు వారాలు ఆమె మాట మీద నిలబడింది. నాలుగో వారం మెత్తటి బంతి పిసకడం, తర్వాత సగం నీళ్ళ బిందె ఎత్తడం, తర్వాత నన్ను కట్టుకుని గుండును మెడదగ్గర పెట్టుకుని ఊరికే నిలబడటం. చివరి వారం రోజుకు పది విసుర్లు, అంతకుమించి వద్దంది వకుళ. నూకాలు ఎప్పుడూ పదకొండోది విసరలేదు. నేను సాక్ష్యం.

పోటీ రోజు పొద్దున క్లినిక్ తలుపు తీయకముందే నూకాలు మెట్ల మీద కూర్చునుంది. పక్కనే దానమ్మ.

“మీరు కూడా వెళ్తున్నారా?” అనడిగింది వకుళ.

“ఎల్లకపోతే ఎలగ? దీన్ని సూసి నవ్వితే నాను నవ్వాల గానీ, పరాయోళ్ళు నవ్వితే ఊరుకుంటానేటి?” అంది దానమ్మ.

వకుళ నన్ను తన చేత్తోనే కట్టింది. క్లిప్పు మీద ప్లాస్టరు అంటించి, గోరు నొక్కి చూసి, “నొప్పి వస్తే గుండు కింద పెట్టెయ్యండి. బెరుకైతే మాత్రం విసరండి. రెంటికీ తేడా మీకు తెలుసిప్పుడు,” అంది.

స్టేడియంలో అరవై దాటిన ఆడవాళ్ళ గుండు పోటీకి వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకామె రిటైరైన డ్రిల్లు టీచరు, కాళ్ళకు తెల్లబూట్లు. ఇంకొకామె పక్క మండలంలో అంగన్‌వాడీ ఆయా. మూడోది మా నూకాలు, చెప్పుల్లేకుండా, చీర కచ్చ బిగించి. మైకులో తన పేరు ఇంటిపేరుతో సహా పిలిచినప్పుడు ఆమె చెయ్యి నాలో ఒక్కసారి బిగుసుకుంది.

తెల్లటోపీ పెట్టుకున్న న్యాయనిర్ణేత ఆమె చెయ్యి చూపించమన్నాడు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇలా కుదరదమ్మా. అరచేతి మీదుగా కట్టు ఉండకూడదు. గుండు పట్టు దొరుకుతుందని పక్కవాళ్ళు అభ్యంతరం చెబుతారు. ఒక్క మణికట్టుకే అయితే ఒప్పుకుంటాం.”

“ఇది దెబ్బకి కట్టిన కట్టు బాబూ, పట్టుకి కాదు,” అంది దానమ్మ ముందుకొచ్చి.

“నేను కాదనడం లేదు. నియమం అది. లేదంటే కట్టు తీసేసి వేయమనండి.”

నూకాలు దానమ్మ భుజం మీద ఎడమచెయ్యి వేసి వెనక్కి జరిపింది. “మార్సి కట్టుకుంటాను. ఎంతసేపుంది?”

“ఆ టీచరుగారి తర్వాత మీరే.”

టీచరుగారు అప్పటికే నేలమీద గుండ్రంగా గీసిన గిరిలో నిలబడి ఉంది. నూకాలు నేలమీద కూర్చుంది. పళ్ళతో ప్లాస్టరు పీకి నన్ను పూర్తిగా విప్పింది. “ఇటియ్యి, నాను కడతాను,” అంది దానమ్మ. “నీకు రాదు. కొస పట్టుకో, సాలు,” అంది నూకాలు.

ఎడమచెయ్యి ఒక్కటే. ఎనిమిది కట్టు వేయడానికి వీల్లేదు. ఒక్క మణికట్టు మీదే బొటనవేలి మొదటిదాకా ఆనుకునేలా కట్టాలి. అలాంటి కట్టు వకుళ నేర్పలేదు. నూకాలు ఒక్క క్షణం చేతిని చూసుకుని, ముంజేతి కిందినుంచి మొదలుపెట్టి పైకి వస్తూ, ఒక్కో చుట్టూ ముందుదాన్ని సగం కప్పేలా వేసింది. లాగాల్సిన చోట లాగింది, వదలాల్సిన చోట వదిలింది. సరిగ్గా ఎముక గుబ్బ దగ్గర ఒక చుట్టు ఎక్కువ వేసింది. క్లిప్పు గుచ్చి, గోరు నొక్కింది. తెల్లబడింది. వదిలింది. ఎర్రబడింది. అప్పుడు లేచి నిలబడింది.

న్యాయనిర్ణేత మళ్ళీ చూశాడు. “ఎవరు కట్టారు?” అన్నాడు.

“నానే.”

ఆయన టోపీ సర్దుకుని, “వెళ్ళండి,” అన్నాడు.

మొదటి విసురు బెరుగ్గా పోయింది. గుండు దగ్గర్లోనే దబ్బున పడింది. ఎవరో నవ్వారు. దానమ్మ వెనక్కి తిరిగి ఆ నవ్వినతన్ని అలాగే చూస్తూ నిలబడింది, అతను చోటు మార్చుకునేదాకా. రెండో విసురు దూరం వెళ్ళింది గానీ కాలు గిరి దాటిందని ఎర్రజెండా ఎత్తారు.

మూడోసారి ఆమె గుండును మెడకు ఆనించి నిలబడ్డప్పుడు లోపలి నరం ఒకటి కొట్టుకోవడం నాకు తెలిసింది. ఆమె గుండు మీద వేళ్ళు ఒకసారి సడలించి బిగించింది. నొప్పి కాదు. బెరుకే. ఊపిరి బిగబట్టి, నడుం తిప్పి, భుజం విసిరి, చివర్లో మణికట్టును విదిలించింది. ఆ ఒక్క క్షణం నాలోని ప్రతి పోగూ సాగింది. అంత సాగడం నాకు అంతకుముందు లేదు, తర్వాతా లేదు. చెయ్యి వెనక్కి విరగబోయిన చోట నేను ఆపాను. గుండు గాలిలోకి లేచి, సున్నం గీత దాటి పడింది.

టేపు పట్టినవాళ్ళు చదివారు. ఆరు మీటర్ల నలభై ఎనిమిది సెంటీమీటర్లు. డ్రిల్లు టీచరుగారిది ఏడు దాటింది. నూకాలు రెండో స్థానం.

సాయంత్రం బస్సులో ఆమె సర్టిఫికెట్టును మడత పడకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దానమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఇద్దరికీ చదువు రాదు. “ఇందులో నీ పేరెక్కడున్నాది?” అనడిగింది. ముందు సీటులో పిల్ల ఒకర్తి వేలితో చూపించింది. దానమ్మ ఆ చోటిని ముట్టుకోకుండా వేలు పైనే ఆపి, “పెద్దదే రాసినారు,” అంది.

మర్నాడు రేవులో ఎకసక్కాలకు లోటు లేకపోయింది. “ముగ్గురొచ్చి ఇసిరితే రెండోదానివైనావట గదే,” అన్నాడు వేలంపాట పాడే పెద్దాయన.

నూకాలు చేపలు తూస్తూనే జవాబిచ్చింది. “మిగిలిన ముసిలోళ్ళందరూ ఇంటికాడే ఉండిపోనారు గదా మావా. ఆళ్ళందరికన్నా ముందున్నాను.”

ఆ తర్వాత నెలరోజులకు ఒక మధ్యాహ్నం దానమ్మ చేతిలోంచి వంజరం చేప జారి బురదలో పడింది. దానమ్మ చేతిలోంచి చేప జారడం ఆ రేవులో అంతకుముందు ఎవరూ చూడలేదు. నూకాలు లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలి మొదట్లో నొక్కింది. దానమ్మ పళ్ళు బిగించింది.

“ఎన్నాళ్ళనుంచి?”

“రెండేళ్ళవతాది. సేతి ఏళ్ళు తిమ్మిరెక్కుతాయి. రాత్రిళ్ళు మరీను.”

“సెప్పలేదేటి?”

“నిన్ను సూసి నవ్వుతూ నానెలగ సెప్తాను?”

నూకాలు సంచిలోంచి నన్ను తీసింది. “కట్టు నాను కడతాను. తిమ్మిరికి మాత్రం వకులమ్మకి సూపించాల. అది కట్టుతో పోయీది కాదు,” అని, కత్తిపీట పక్కకు జరిపి, ఆమె ఎదురుగా కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కోత ఆపి చూశారు. పని అయ్యాక ఒకామె లేచి తన చెయ్యి కూడా చాపింది. ఆమె వెనక ఇంకొకామె.

ఆ రేవులో బాగున్న మణికట్టు ఎవరికీ లేదని అప్పుడు తెలిసింది. ఎవరికి వాళ్ళు తమ ఒక్కరికే అనుకుని పసుపు రాసుకుంటున్నారు. వకుళ వారానికో రోజు తనే రేవుకు రావడం మొదలుపెట్టింది. తిరగేసిన చేపల డబ్బా మీద కూర్చుని చేతులు చూసేది. ఎవరికి కట్టు చాలు, ఎవరు పెద్దాసుపత్రికి వెళ్ళాలి అనేది ఆమె చెప్పేది. కట్టడం నూకాలు వంతు. ట్రస్టువాళ్ళు నాలాంటివాళ్ళను డజన్లకొద్దీ పంపారు. అయినా కొత్తగా కట్టడం నేర్చుకునేవాళ్ళకు నూకాలు నన్నే ఇచ్చేది. ఎన్ని చేతులో నాకు గుర్తులేదు. ఎంత ఉతికినా చేప వాసన పోలేదు, పోవాలని నేనూ కోరుకోలేదు.

ఉతుకులు పెరిగేకొద్దీ మెలి సడలిపోతుంది. రెండేళ్ళకు నేను సాగితే సాగినట్టే ఉండిపోయేదాన్ని. వకుళ ఒకరోజు నన్ను లాగి, వదిలి చూసింది. “దీని పని అయిపోయిందమ్మా. పారెయ్యండి.”

నూకాలు సరేనంది. ఇంటికి తీసుకెళ్ళి ఉతికి నీడలో ఆరేసింది. మర్నాడు పొద్దున పాత చీరపేలిక ఒకటి మెలిపెట్టి వలయంలా చేసి, దానిచుట్టూ నన్ను వరస మీద వరస సగం కప్పుతూ గుండ్రంగా చుట్టి, కొస లోపలికి దోపింది. చేత్తో నొక్కి చూసి, గంప కిందికి చుట్టకుదురుగా నడినెత్తిన పెట్టుకుంది.

ఒకరిని గొప్పగా చూసుకుంటే నెత్తిన పెట్టుకున్నారని జనం మాటవరసకు అంటుంటారు. నూకాలు నిజంగానే పెట్టుకుంది. పొద్దున్నే గంప కింద కూర్చుని, గెడ్డపాలెం దాటి ఊళ్ళ మీదికి వెళ్తాను. నా మీద ఇరవై కిలోల చేపలు, నా కింద నూకాలు.